చీకటికి కాపలా

చామంతి ఎప్పుడు పూయాలో పగలు చెప్పదు, రాత్రి చెబుతుంది. ఎంత మంచి ఎరువు వేసినా, వేళ తప్పకుండా నీళ్లు పోసినా, తగినంత పొడవైన చీకటి, అదీ మధ్యలో తెగని చీకటి దొరికితే తప్ప మొగ్గ తొడగదు. ఆకు మీద ఆకు వేసుకుంటూ ఎదుగుతూనే ఉంటుంది. నోయిడాలో మూడో అంతస్తు ఫ్లాటులో చామంతులు పెంచే నాకు మట్టికి కరువు లేదు. ఎండ బాల్కనీలోకి వచ్చి పడుతుంది. ఆవాల చెక్క వీధి చివరి కొట్లో అమ్ముతారు. చీకటి మాత్రం నేనే తయారు చేసుకోవాలి.

అందులోనూ నాకు ఆలస్యంగా పూసే రకాలంటే ఇష్టం. చామంతి రకాలను పెంపకందారులు వారాల్లో చెబుతారు. రాత్రులు చాలినంత పొడవైన నాటి నుంచి పువ్వు విచ్చేదాకా ఎన్ని వారాలు పడితే అది అన్ని వారాల రకం. వ్యాపారానికి పెంచేవి ఎక్కువగా 7 నుంచి 11 వారాలవి. 12, 14 వారాలు తీసుకునేవీ ఉన్నాయి. అన్ని రోజులు షెడ్డులో చోటు ఆక్రమించే మొక్క నర్సరీ వాళ్లకు గిట్టదు, అందుకే అవి అంగళ్లలో కనబడటం తగ్గిపోయింది. పాత పెంపకందారుల డాబాల మీద, పూల ప్రదర్శనలకు తయారు చేసేవాళ్ల దగ్గర ఒక పిలక అడిగి తెచ్చుకోవాలి. రెక్కలు లోపలికి ముడుచుకుని బంతిలా గుండ్రంగా విచ్చే పెద్ద పువ్వులు కొన్ని ఈ ఆలస్యపు రకాల్లోనే చూశాను. తొందరగా పూసే వాటిలో అంత నిండుదనం నాకు కనబడలేదు.

ఇష్టానికి ఇంకో కారణం ధనుర్మాసం. ఆ నెలలో మా అమ్మ నా దగ్గర ఉంటే గొబ్బెమ్మలు పెట్టాల్సిందే. పేడ గోశాల నుంచి తెస్తాం, ముగ్గు లిఫ్టు ఎదుట కాస్త ఖాళీలో వేస్తుంది. పువ్వు మాత్రం ఇంట్లో పూసినదే కావాలంటుంది. గాజీపూర్ పూలమండీకి వెళ్తే కిలోల లెక్కన చామంతి దొరుకుతుంది, కానీ బస్తాలో నలిగి వచ్చిన పువ్వును గొబ్బెమ్మ నెత్తిన పెట్టడానికి ఆమెకు మనసొప్పదు. ఢిల్లీలో జూన్ 21న పగలు దాదాపు 14 గంటలు. ఆగస్టు 20 ప్రాంతానికి అది 13 గంటలకు దిగుతుంది, డిసెంబరు 21కి 10 గంటల 20 నిమిషాలకు పడిపోతుంది. చాలా రకాలు ఆగస్టు చివరి రాత్రులతో లెక్క మొదలుపెడతాయి. అక్కడి నుంచి 14 వారాలంటే డిసెంబరు మొదటి వారం. చలికి ఇంకో రెండు మూడు వారాలు సాగుతుంది. సరిగ్గా గొబ్బెమ్మల వేళకు పువ్వు చేతికొస్తుంది. దసరాకు పూసి వాడిపోయే రకం ఈ పనికి రాదు.

విశాఖపట్నంలో అయితే జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. ఢిల్లీలో మూడున్నర గంటలు దాటుతుంది. మన వైపు నుంచి తెచ్చిన మొక్క ఇక్కడ వేసవిలో పిచ్చిగా పొడుగెక్కేది ఇందుకే. దానికి అలవాటు లేని పొడుగు పగళ్లు ఇవి.

పగలూ రాత్రుల పొడుగును బట్టి మొక్క పూస్తుందన్న సంగతి వందేళ్ల కిందటే బయటపడింది. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకాన్ని పరిశీలించారు. వేసవంతా మనిషెత్తు దాటి పెరిగినా అది పొలంలో పూసేది కాదు. శీతాకాలం గాజు ఇంట్లో పెడితే పూసేది. ఎండా, వేడీ, ఎరువూ అన్నీ పరీక్షించాక, మొక్కల్ని రోజూ సాయంత్రం ఒక చీకటి షెడ్డులోకి చేర్చి, పొద్దెక్కాక బయటికి తెచ్చారు. నడి వేసవిలో పూసింది. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 1938లో హామ్నర్, బానర్ మన పొలం గట్ల మీద బట్టలకు అంటుకునే మరులమాతంగి మీద ఇంకో మెట్టు ఎక్కారు. పొడవైన రాత్రి మధ్యలో ఒక్క నిమిషం దీపం వెలిగిస్తే ఆ మొక్క పూయడం మానేసింది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే ఏమీ కాలేదు. లెక్క రాత్రిదేనని అప్పుడు తేలింది.

వీటన్నిటిలో నా పనికి ఎక్కువగా అక్కరకొచ్చినది 1930లలో సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ చేసిన ప్రయోగం, ఎందుకంటే అది చామంతి మీదే చేశాడు. మొక్క పైభాగంలో ఆకులు తీసేసి, కింది ఆకులకు మాత్రం చిన్న పగళ్లు ఇచ్చాడు. పైన పూసింది. అంటే చీకటిని గమనించేది ఆకు. ఆకు పంపిన కబురు అందుకుని మొగ్గ వేసేది కొన. ఆ కబురు మోసుకెళ్లే ప్రొటీన్ ఏదో 2007లో గాని దొరకలేదు. ఇది తెలిశాక నేను గుడ్డ కప్పే పద్ధతే మారిపోయింది. కొనలు మూసి, కింది ఆకులు బయటికి వదిలితే ప్రయోజనం లేదు. నల్ల గుడ్డ కుండీ అంచు దాకా దిగాలి.

గుడ్డ అంటే ఏ గుడ్డైనా చాలదు. దట్టంగా నేసిన నల్ల బట్ట రెండు పొరలుగా కుట్టించుకున్నాను. కప్పాక దాని లోపలికి తలదూర్చి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చుంటే కుట్టు చిల్లులు ఎక్కడున్నాయో కనబడతాయి. వీధి దీపం కింద దినపత్రిక అక్షరాలు చదవగలిగితే ఆ వెలుగు చామంతికి ఎక్కువేనని పాత తోటమాలులు చెప్పే లెక్క ఇప్పటికీ నికరమైనదే. చామంతి మరులమాతంగి అంత సున్నితం కాదు. ఎవరో గది లైటు వేసి ఆర్పినంత మాత్రాన దానికేం కాదు, ఇన్వర్టరు మీది చుక్క వెలుగును అసలు పట్టించుకోదు. రాత్రంతా ఆగకుండా పడే వీధి దీపమే దాన్ని చెడగొడుతుంది. రాత్రి మొక్కల దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆకుపచ్చ కాగితం చుట్టిన చిన్న టార్చి తీసుకెళ్తాను. మొక్క రాత్రి తెగిందని గుర్తించేది ముఖ్యంగా ఎరుపు వెలుగుతో. సన్నని ఆకుపచ్చ వెలుగు దాన్ని పెద్దగా కదిలించదు.

గుడ్డకు ఒక చిక్కుంది, వేడి. దసరాకు కొన్ని పువ్వులు కావాలని 10 వారాల రకానికి జులై చివర చీకటి మొదలుపెడతాను. ఆ నెలలో సాయంత్రం అయిదింటికే కప్పితే లోపల ఉడికిపోతుంది. చీకటి పెట్టిన మొక్కకు రాత్రి వేడి తగిలితే మొగ్గ వారాల తరబడి వెనకబడుతుంది. కాబట్టి పొద్దు వాలాక ఏడింటికి కప్పి, పొద్దున ఎనిమిదింటికి తీస్తాను. పదమూడు గంటల చీకటి, అందులో చల్లని గంటలే ఎక్కువ. పదింటికి ఒకసారి, వీధి దీపం వెలుగు పడని వైపు గుడ్డ ఎత్తి గాలి ఆడనిస్తాను. ఈ పని ఒక్క రోజు కూడా వాయిదా పడదు. పెళ్లికి హైదరాబాదు వెళ్లాలన్నా గుడ్డ ఎవరు కప్పుతారో చూసుకునే టికెట్టు తీస్తాను.

మా వాచ్‌మన్‌కు ఈ నల్ల గుడ్డ మీద ఒకసారి అనుమానం వచ్చింది. తప్పు పట్టలేం. 2024 నవంబరులో ఇక్కడికి దగ్గర్లోనే గ్రేటర్ నోయిడాలో ఒకరు ఫ్లాటు లోపల దీపాలు, ఏసీ పెట్టి కుండీల్లో గంజాయి పెంచుతూ పోలీసులకు దొరికారు. ఆ వార్త ఢిల్లీ చుట్టుపక్కల ఎన్‌సీఆర్‌లో ప్రతి సొసైటీ వాట్సప్ గుంపులో తిరిగింది. అతన్ని లోపలికి పిలిచి గుడ్డ ఎత్తి చూపించాను, చామంతి ఆకు నలిపి వాసన చూడమన్నాను. వాళ్ల ఊళ్లోనూ ఈ పువ్వును గుల్దావదీ అంటారట, ఆ కబుర్లతో టీ అయిపోయింది.

అయినా అతని అనుమానంలో వృక్షశాస్త్రం ఉంది. గంజాయీ పొడవైన రాత్రికి పూసే మొక్కే. ఢిల్లీ చుట్టుపక్కల ఖాళీ స్థలాల్లో తానే మొలిచే భాంగ్ మొక్క ఉత్తరాది రుతువులకు తగ్గట్టు పూస్తుంది. పగటి తేడా తక్కువగా ఉండే ఉష్ణమండలపు సటైవా రకాలు మాత్రం మూడు నెలలు, అంతకు పైనా తీసుకుంటాయి. నా ఆలస్యపు చామంతుల స్వభావం సరిగ్గా అదే. గది లోపల అలాంటి రకాన్ని సాకడానికి ఎంత ఓపిక కావాలో ఊహించగలను. ఆ ఓపికను నేను గౌరవించగలను గానీ ఆ పనిని మెచ్చుకోలేను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనుమతి లేకుండా ఆ మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. మత్తు దాదాపు లేని, నార కోసం పెంచే గంజాయి రకాలకు ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు పద్ధతి తెచ్చింది, అది వేరే సంగతి. చట్టం ఒక్కటే కాదు నన్ను ఆపేది. 2021 చివర విశాఖ ఏజెన్సీలో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో గంజాయి నరికేశారు. ఆ తోటల వెనక పెట్టుబడి పెట్టిన దళారులు మైదానాల్లో ఉంటారు, కేసుల్లో ఇరుక్కునేది గిరిజన రైతు, సరుకు మోసిన కుర్రాడు. నగరంలో నాలుగు గోడల మధ్య దాన్ని ఒక సరదా విద్యగా చూసేవాళ్లకు ఆ కొండవాలు కనబడదు. నాకు కనబడుతుంది, అది మన జిల్లాలది కాబట్టి.

చీకటి కోసం నేను పడే పాట్లు కడియం నర్సరీ వాళ్లకు చెబితే నవ్వుతారు. వాళ్లది తలకిందుల వ్యవహారం. కడియపులంకలో చామంతి నారు పూయకుండా, మొక్క ఏపుగా ఎదగడానికి రాత్రి మడుల మీద బల్బులు వెలిగిస్తారు. కర్ణాటకలో చిక్కబళ్లాపుర వైపు చామంతి పొలాల మీద తోరణాల్లా దీపాలు వేలాడతాయి. పండక్కి ధర పలికేలా పూతను వెనక్కి జరపడం వాళ్ల లెక్క. రాత్రంతా వెలిగించాల్సిన పని కూడా లేదు. నడి రాత్రి కొన్ని గంటలు చాలు, అరగంటకోసారి కొన్ని నిమిషాలు వెలిగించి ఆర్పినా సరిపోతుంది. ఇక ఈ బాధే లేని చామంతిని ఢిల్లీలో పూసా సంస్థ వాళ్లు తయారు చేశారు. అజయ్ అనే రకం మీద గామా కిరణాలు ప్రసరింపజేసి తెచ్చిన పూసా అన్మోల్ రాత్రి పొడుగును పట్టించుకోదు, ఏడాదిలో మూడుసార్లు పూస్తుంది. పూల రైతుకు అది వరమే, గొప్ప పని చేశారు. నా బాల్కనీలో మాత్రం దానికి చోటివ్వలేదు. రుతువుతో సంబంధం తెగిన చామంతిని పెంచాలని నాకు అనిపించదు.

ఢిల్లీలో అసలు కష్టకాలం దీపావళి నుంచి మొదలవుతుంది. ఆలస్యపు రకాలకు అప్పటికి మొగ్గ కంది గింజంత ఉంటుంది. మొగ్గ పడ్డాక కూడా రాత్రులు పొడవుగానే సాగాలి. అదే సమయంలో ఎన్‌సీఆర్‌లో ప్రతి బాల్కనీకీ మెరిసే దీపాల తీగలు చుడతారు, పండగ అయిపోయినా వారాల తరబడి విప్పరు. పై అంతస్తు నుంచి జారిన తీగ కుండీలకు ఎదురుగా వేలాడితే మొగ్గ ఆగిపోతుంది. దాని కింద ఆకులు సన్నగా పట్టీల్లా వస్తాయి, పక్క నుంచి చిగుళ్లు పొడుచుకొస్తాయి. ఆ సన్నని ఆకులు కనబడ్డాయంటే ఎక్కడో వెలుగు తగులుతున్నట్టే. మొక్కను తిట్టి లాభం లేదు, దీపం ఎక్కడుందో వెతకాలి. నేను పైవాళ్ల తలుపు తట్టి అడుగుతాను, చాలామంది వెంటనే ఆ తీగను పక్కకు జరుపుతారు.

నవంబరు పొగమంచులో ఎండ పలచబడుతుంది. అప్పుడు కుండీల్ని గాజు తలుపు లోపలికి తెచ్చి పగలు ఎనిమిది గంటలు దీపాల కింద పెడతాను, టైమర్ సాయంత్రం అయిదుకే ఆర్పేస్తుంది. పెద్ద పువ్వు కావాలంటే కొమ్మకు ఒక్క మొగ్గ ఉంచి పక్కవన్నీ గోటితో గిల్లాలి, మెత్తగా ఉన్నప్పుడే. పేనుబంక ఆ రోజుల్లోనే మొగ్గ మెడ దగ్గర చేరుతుంది. సబ్బు నీళ్లు చల్లి వేళ్లతో తుడుస్తాను. ఆవాల చెక్క నానబెట్టిన నీళ్లు మొగ్గ రంగు తిరగ్గానే ఆపేస్తాను. ఆ తర్వాత పోస్తే ఆకు కండపడుతుంది, రెక్క మెత్తబడి త్వరగా రాలుతుంది.

మా సొసైటీలో నేను అడుగుతున్నది ఒకటుంది. 2015లో మొదలైన జాతీయ పథకంతో దేశంలో చాలాచోట్ల పసుపు పచ్చని సోడియం దీపాలు పోయి తెల్లని ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు ఆదా అయింది. మా సొసైటీ లోపలి దారుల్లోనూ అవే పెట్టారు. వాటి తలలు కాస్త పైకి ఎత్తి ఉండటంతో వెలుగు దారి మీద ఎంత పడుతుందో బాల్కనీల మీదా అంతే పడుతోంది. పదకొండింటికి ఆర్పేస్తే చాలదా అని కమిటీలో ఒకరన్నారు. చాలదు. పదకొండు నుంచి ఆరు దాకా ఏడు గంటలే, చామంతికి అది వేసవి రాత్రి కంటే చిన్నది. ఆర్పమని నేను అడగటం లేదు, ఆడపిల్లలు రాత్రి నడిచే దారి అది. దీపం తలను కిందికి వంచి, వెనక ఒక రేకు బిగించమంటున్నాను. మా బ్లాకు ముందు స్తంభానికి ఎలక్ట్రీషియన్ ఆ రేకు బిగించాడు, ఖర్చు నేనే పెట్టుకున్నాను. దారి మీద వెలుగు తగ్గలేదు, ఇంకా పెరిగింది. రెండో అంతస్తులో కాన్పూరు నుంచి వచ్చిన ఆంటీ దగ్గర నేనిచ్చిన పిలక ఒకటుంది, ఆవిడ గుడ్డా కప్పదు, టైమరూ పెట్టదు. అంతకుముందు ఏడాది ఆకులతోనే గడిపేసిన ఆ మొక్కకు మొన్న డిసెంబరులో పిడికిలంత పువ్వులు వచ్చాయి. మిగతా స్తంభాలకు కూడా రేకులు వేయించే విషయం వచ్చే ఆదివారం సమావేశంలో పెడుతున్నాం, ఈసారి ఆవిడ కూడా మాట్లాడతానన్నారు.