బూడిద నీళ్ల బలం

తేలియా రుమాలు అనగానే అందరికీ ఎర్రటి గళ్లు, ఇక్కత్ లెక్కలు గుర్తొస్తాయి. ఆ ఎరుపు నిలిచేది మాత్రం బూడిద నీళ్ల వల్ల. చీరాలలో పేరుకెక్కి, ఇప్పుడు పుట్టపాకలో బతుకుతున్న ఈ పనిలో, ఆముదం కాయల డొప్పలు కాల్చిన బూడిదను నానబెట్టి, పైన తేరిన నీళ్లలో నూనె కలిపి, నూలును అందులో పిసికి ఆరబెడతారు. మళ్లీ పిసుకుతారు, మళ్లీ ఆరబెడతారు. ఇలా రెండు వారాలు దాటుతుంది. కాస్టిక్ సోడాతో ఒక పూటలో తేల్చుకోక ఇంత తంటా ఎందుకని అడిగేవాళ్లున్నారు. బూడిద నీళ్లలోని క్షారం మెతకగా ఉండటం వెనుకబాటు కాదు, అసలు పనితనం అదేనని నా వాదన.

మొక్క నేలలోంచి తోడుకున్న పొటాషియం, కాల్చాక ఎక్కువగా కార్బొనేటుగా మిగులుతుంది. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన పొటాష్‌లోకి కరెంటు పంపి వేరుచేసిన లోహం ఇదే. విడిగా ఉంటే నీరు తగలగానే ఊదా మంటతో మండుతుంది. కార్బొనేటుగా ఉన్నప్పుడు చేతులతో పిసకగలిగేంత సాధువు. నూనెలో గ్లిజరిన్‌ను పట్టుకుని ఉన్న కొవ్వు ఆమ్లాలను మామూలు వేడిమి దగ్గర విడదీసే సత్తా దానికి లేదనే చెప్పాలి. అప్పటికే విడిగా ఉన్న కాసిని ఆమ్లాలనే అది సబ్బుగా మారుస్తుంది. ఆ కాస్త సబ్బే చాలు. మిగతా నూనె సన్నని బొట్లుగా చీలి, పాలలా తెల్లబడి, పోగు లోపలికి దిగుతుంది. గాలి తగిలి ఆక్సిజన్ పట్టుకున్న కొద్దీ పోగును వదలకుండా అంటుకుపోతుంది. తర్వాత వచ్చే పటికలోని అల్యూమినియం ఒకవైపు ఈ కొవ్వు ఆమ్లాలతో, మరోవైపు రంగులోని అలిజరిన్‌తో ముడిపడుతుంది. చిరివేరులో దొరికే అలిజరిన్‌ను 1868లో గ్రేబె, లీబర్‌మాన్ ప్రయోగశాలలో తయారుచేశాక రంగు ఫ్యాక్టరీల నుంచి రాసాగింది. రంగు చోటు మారినా నూనె, బూడిదల జంట చెదరలేదు. నాకు ఇది పెద్ద సాక్ష్యం.

కాస్టిక్ సోడా తగినంత పడితే గ్లిజరిన్ బంధాలు తెగి నూనె సబ్బయిపోతుంది, నాలుగు జాడింపులకు కొట్టుకుపోతుంది. పోగులో నిలవాల్సినదే నిలవదు. పైగా రోజూ నూలు పిసికే చేతులు కాలిపోతాయి.

బూడిద గాఢత ప్రతిసారీ ఒకేలా ఉండదన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. డొప్పల రకాన్ని, కాల్చిన తీరును బట్టి అది మారుతుంది, ఆ తేడా రంగులో కనిపిస్తుంది. దీనికి మందు కొలత. హైడ్రోమీటరు, పీహెచ్ కాగితం ఖరీదైన వస్తువులు కావు. ఫ్యాక్టరీలో చేసిన సోడా కార్బొనేట్ వాడితే తప్పా అంటే, తప్పని నేననను. అదీ మెతక క్షారమే. కాకపోతే పొటాషియం సబ్బు మెత్తగా, నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, సోడియం సబ్బు గట్టిపడుతుంది. అందుకని ముందు కొద్దిపాటి నూలు మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు వెనకున్న పనితనం కూడా నిలవాలంటే, ప్రతి విడతకూ బూడిద నీళ్ల గాఢత ఎంత, నూనె పాలెంత, నూలు ఆరిన రోజులెన్ని అన్నది చేతిలో పని ఉన్నవాళ్ల చేతే, వాళ్ల మాటల్లోనే ఒక పుస్తకంలో రాయించే ఖర్చు ప్రభుత్వ చేనేత శాఖ ఈ ఏడాదే పెట్టుకోవాలి.