శీతోష్ణస్థితి నమూనా: శ్రుతి ఎవరి వానకు?

నెల్లూరు జిల్లా పడమటి భాగములో, పెన్న వెలికొండలను దాటి మైదానమునకు దిగే చోట అనంతసాగరం మండలమున్నది. సోమశిల జలాశయము ఈ మండలములోనిదే. నిండితే సుమారు 78 టి.ఎం.సి.ల నీరు పట్టుతుంది. ఇక్కడి రైతు ఎదురుచూచే పెద్ద వాన జూన్‌లో వచ్చేది కాదు. జిల్లా వర్షపాతములో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో, ఈశాన్య ఋతుపవనముతోను బంగాళాఖాతపు వాయుగుండములతోను వస్తుంది. 2021 నవంబరులో ఈ వానలకే చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. ఆ వరద పెన్నలో కలిసి సోమశిలకు చేరినది. ఇట్టి వానలు మరి యాభై యేండ్లకు పెరుగునా, తరుగునా? జవాబు కొరకు శాస్త్రజ్ఞులు చూచేది శీతోష్ణస్థితి నమూనాల వైపే. కనుక మన దేశములో తయారైన నమూనాను అనంతసాగరం వైపు నుంచి పరిశీలించుట అనుచితము కాదు.

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి భూవ్యవస్థా నమూనాను పరిచయము చేసిన వ్యాసము 2015లో అమెరికా వాతావరణ శాస్త్ర సంఘపు పత్రికలో వెలువడినది. ప్రధాన రచయిత్రి స్వప్న పణిక్కల్. ఆర్. కృష్ణన్, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్యులైన కారుమూరి అశోక్ మొదలైన వారితో పాటు అమెరికా ప్రభుత్వ వాతావరణ కేంద్రపు శాస్త్రజ్ఞులు కూడ అందులో పాలుపంచుకొన్నారు. ఒక ఋతువుకు ముందుగా వాన అంచనా కట్టుటకు అమెరికాలో చేసిన నమూనాను తీసుకొని, నూరేండ్ల శీతోష్ణస్థితిని లెక్కించుటకు తగినట్లు దానిని మార్చినారు.

సంధాన నమూనా అనగా గాలి, సముద్రము, నేల, సముద్రపు మంచు అను నాలుగింటి లెక్కలను ఒకదానితో ఒకటి ముడివేసినది. గాలిని, సముద్రమును ఇట్లు మొదట కలిపినవారు ప్రిన్స్‌టన్‌లోని మనాబే, బ్రయన్‌లు, అది 1969. కలుపుట తేలిక, కలిసి నిలుచుట కష్టము. గాలి నమూనా ఇచ్చే వేడికి, సముద్ర నమూనా పుచ్చుకొనే వేడికి పొత్తు కుదరక, లెక్క సాగిన కొలదీ సముద్రము తానే చల్లబడుటో వేడెక్కుటో జరిగేది. చాలాకాలము రెంటి మధ్య కృత్రిమముగా వేడిని చేర్చుచు, తీసివేయుచు నెట్టుకొని వచ్చినారు. తప్పును కప్పిపుచ్చిన ఆ పద్ధతి తరువాత వెనుకబడినది.

పుణే వారు గాలి నమూనాను అట్టే ఉంచి, ప్రిన్స్‌టన్ సముద్ర నమూనాలో పాత కూర్పు స్థానమున కొత్త కూర్పును అమర్చినారు. సముద్ర జీవరసాయన క్రియలను కూడ చేర్చినారు. దానితో సముద్రపు పై నీరు ఉండవలసిన దానికన్న చల్లగా కనబడే దోషము ప్రపంచ సగటున 0.8 డిగ్రీ మేరకు తగ్గినది. ఇది చిన్న విజయము కాదు. లోపమెక్కడున్నదో వెదకి, ఆ భాగమును మార్చి సాధించినది గనుక మరింత మెచ్చదగినది.

అయినను శ్రుతి చేయవలసిన పని మిగిలియే ఉంటుంది. ఈ నమూనాలో గాలి గడి ఒక్కొక్క వైపు దాదాపు 200 కిలోమీటర్లు. అట్టి గడి ఒకటి అనంతసాగరం మీద పరచితే, వెలికొండలు, కోస్తా, కడప మెట్టనేలలు అన్నియు ఒకే సంఖ్యలో ఇమిడిపోవును. మేఘము అంతకన్న ఎంతో చిన్నది. దానిని నేరుగా లెక్కించలేక, మేఘపు నీటిబొట్టు ఎంత వేగముగా వానగా మారును, పైకిలేచే గాలిలో చుట్టుప్రక్కల పొడిగాలి ఎంత కలియును అను వాటికి కొన్ని అంకెలను ఎంచుకొందురు. సూర్యుని నుంచి చదరపు మీటరుకు సగటున 340 వాట్లు వచ్చునపుడు, వెలుపలికి పోవు మొత్తము దానికి దాదాపు సరితూగే వరకు ఆ అంకెలను సవరింతురు. వీణలో ఒక తీగ బిగిస్తే తక్కినవి సడలేటట్లయితే వైణికుని అవస్థ ఎట్లుండునో, ఇదీ అట్లే.

పలు దేశముల భాగములతో కట్టిన నమూనాలో మరొక చిక్కున్నది. ఒక భాగపు తప్పును మరొక భాగపు సవరణ కప్పి ఉంచవచ్చును. కొత్త సముద్రము రాగానే పాత గాలిలోని దోషము బయటపడును. కనుక ఏ అంకెను, ఎందులకు, ఎంత మార్చినారో చెప్పుట లెక్క ఫలితము చెప్పుటంత ముఖ్యము. హాంబుర్గులోని మాక్స్ ప్లాంక్ సంస్థ వారు తమ శ్రుతిని 2012లోనే విడిగా వ్రాసి ప్రకటించినారు. అందరును అట్లు చేయవలెనని 2017లో ఉర్దాఁ మొదలైన పలు దేశముల శాస్త్రజ్ఞులు కోరినారు.

పుణే వ్యాసముపై అసలు ఆక్షేపణ ఇక్కడనే. నమూనా మంచిచెడ్డలు తేల్చుటకు వారు పట్టిన ప్రధానమైన గీటురాయి జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడే వాన. దేశమంతటికీ అది న్యాయమే. వ్యవసాయములో ఎక్కువ భాగము దానిపైననే నడచుచున్నది. కాని ఈశాన్య ఋతుపవనమునకు అంతటి పరీక్ష జరుగలేదు. నైరృతి వానకు నచ్చిన అంకెలు కార్తికమాసపు వాయుగుండమునకు నచ్చునన్న హామీ ఏమియు లేదు. పంటకాలువకు నీరెంత వదలవలెను, జలాశయములో వరదకు చోటెంత ఉంచవలెను అని నిర్ణయించే ఇంజనీరుకు ఈ భేదము చిన్నది కాదు. 2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ వెలువరించిన నివేదిక 1951 నుంచి 2015 వరకు నైరృతి వాన సుమారు 6 శాతము తగ్గినదని చెప్పినది. సోమశిల ఆయకట్టు రైతు అడిగేది దాని తరువాతి మూడు నెలల సంగతి.

నమూనా రెండవ కూర్పు ప్రపంచ నమూనాల ఆరవ పోలిక ప్రణాళికలో చేరినది. దాని లెక్కలు ఎవరైనను తీసుకొని చూడవచ్చును. అక్టోబరు–డిసెంబరు వానను విడదీసి నెల్లూరు, కడప జిల్లాల వర్షమాపకములతో పోల్చుట కళాశాల విద్యార్థికి కూడ సాధ్యమే. అయితే గడి అంకెను ఒక్క ఆత్మకూరు మాపకముతో పోల్చరాదు. గడిలోని మాపకములన్నింటి సగటుతోనే పోల్చవలెను.