దీపం ఆర్పే ముందు

పోయిన నెల మా పాత పికప్‌లో టెంట్ హౌస్ సామాను వేసుకుని సెంటినరీ కాలనీ దాటి మంథని దారిన పోతున్నాం. చడావు ఎక్కుతుండగా బండి పానం తీసినట్టు నెమ్మదించింది. ఎంత తొక్కినా పరుగు అందుకోలేదు. మీటర్ బోర్డులో ఇంజిన్ బొమ్మ పసుపుగా వెలిగింది. పక్కకు ఆపి, తాళం తీసి మళ్లీ తిప్పితే మామూలుగానే నడిచింది కానీ దీపం ఆరలేదు.

తిరుగు దారిలో ఒక షాపు ముందు ఆపాను. అక్కడి పిల్లగాడు బ్యాటరీ టెర్మినల్ విప్పి, పది నిమిషాలాగి బిగించాడు. దీపం ఆరింది. సంతోషంగా ఇంటికి వచ్చాను. మూడో రోజు అదే చడావు దగ్గర అదే దీపం.

ఈసారి గోదావరిఖనిలో ఏళ్లుగా తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. టెర్మినల్ విప్పిన సంగతి చెప్పగానే ఆయన మొహం మారింది. "దీపమైతే ఆరింది అన్నా, దాంతోపాటు సాక్ష్యం గూడ పోయింది" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడే సరిగా అర్థమైంది. లోపాన్ని సూచించే కోడ్ నమోదయ్యే క్షణంలో బండిలోని కంప్యూటర్ ఇంకొన్ని అంకెలు కూడా దాచుకుంటుంది: ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, నీళ్లు ఎంత వేడెక్కాయి, లోడ్ ఎంత, వేగం ఎంత. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. స్కానర్‌తో కోడ్ చెరిపినా, చాలా పాత బండ్లలో బ్యాటరీ తీసినా, అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అదృష్టం కొద్దీ రెండోసారి మేం ఏదీ విప్పకుండా వచ్చాం.

స్టీరింగ్ కింద పదహారు రంధ్రాల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలించాడు. పీ-0087. నా చేతికి కాగితం, పెన్ను ఇచ్చి, "ముందుగాల రాసుకో. చెరుపుడు తర్వాత" అన్నాడు. రాశాను. దాని కింద ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు కూడా రాశాను. లోడ్ బాగా ఎక్కువ, వేగం తక్కువ. ఇంజిన్ వేడి మామూలే. అచ్చంగా ఆ చడావే.

మొదటి అక్షరం పీ అయితే విషయం ఇంజిన్, గేర్‌బాక్స్‌లది. సీ అంటే ఛాసిస్, బీ అంటే బాడీ, యూ అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగలు. రెండో స్థానంలో సున్నా ఉంటే ఆ కోడ్‌కు అన్ని కంపెనీల్లోనూ ఒకటే అర్థం. ఒకటి ఉంటే అది ఆ కంపెనీ సొంత కోడ్, దాని పుస్తకమే చూడాలి. పీ-0087 అంటే కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి ఉండాల్సినంత లేదని. అంతే. పంపు పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు.

ఇక్కడే చాలామంది జేబులు ఖాళీ అవుతాయి. కోడ్ చూడగానే హైప్రెషర్ పంపు మార్చేస్తారు. రైల్ మీద కూర్చున్న సెన్సర్‌కు తన దగ్గరి ఒత్తిడి తప్ప ఏమీ తెలియదు. ట్యాంకులోని జాలీ, అక్కడి నుంచి వచ్చే రబ్బరు గొట్టం, ఫిల్టర్, పంపు, ఒత్తిడిని అదుపు చేసే వాల్వ్, డీజిల్‌ను ఎక్కువగా వెనక్కి వదిలే ఇంజెక్టర్ - వీటిలో ఏది చెడినా ఆ సెన్సర్ చెప్పేది అదే మాట.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును ఎలా తట్టి చూస్తారో ఇంట్లో గోడ మీద చేసి చూపించేవాడు. కుడిచేత్తో రాడ్డుతో కొడుతూ, ఎడమచేతి వేళ్లు కప్పుకు ఆనించాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయిన రాయి డొల్లగా పలుకుతుంది, వేళ్లకు అదురు తెలుస్తుంది. డొల్ల అని తెలిసినంత మాత్రాన పొర ఎంత మందమో, పగులు ఎంతవరకు పాకిందో తెలిసినట్టు కాదు. వెనక్కి జరిగి, దీపం వెలుగులో పగులు వెతికి, ఆ తర్వాతే దించడమో ఆసరా పెట్టడమో చేసేవాళ్లు. మెకానిక్ స్కానర్ పక్కన పెట్టి బండి కిందికి దూరినప్పుడు నాకు బాపు వేళ్లు గుర్తొచ్చాయి.

ఆయన ముందు ఫిల్టర్ కింది నట్టు వదులు చేసి డీజిల్‌ను సీసాలోకి పట్టాడు. అడుగున కాసిన్ని నీళ్లు తేరాయి. ఫిల్టర్ మార్చాం. లైవ్ డేటాలో ఐడిల్ దగ్గర దాదాపు 300 బార్లు, నిలకడగా ఉంది. లోడుతో బయటికి తీసుకెళ్లి తొక్కితే కంప్యూటర్ అడిగే ఒత్తిడి పైకి పోతోంది, వచ్చే ఒత్తిడి వెనకబడుతోంది. నేనైతే ఫిల్టర్ దగ్గరే పని అయిపోయిందనుకునేవాణ్ని. ఆయన ఫిల్టర్‌కు ముందు జానెడు పారదర్శకమైన గొట్టం అతికించి, ఇంజిన్ రేపాడు. డీజిల్‌లో సన్నటి బుడగలు వరుసగా పోతున్నాయి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం క్లిప్పు కింద వెంట్రుకవాసి చీలింది. ఆ గొట్టంలో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది కాబట్టి చీలిక నుంచి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నేల మీద చుక్క మరక కూడా లేదు. కొత్త గొట్టం, రెండు క్లిప్పులు. పంపు జోలికే పోలేదు.

ఇలా కోడ్ చదవడానికి 1980ల నాటి జనరల్ మోటార్స్ పికప్‌లకు స్కానర్ కూడా అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు కింది సాకెట్‌లో రెండు రంధ్రాలను తీగముక్కతో కలిపి, ఇంజిన్ రేపకుండా తాళం తిప్పితే దీపమే మెరిసి చెప్పేది. ఒక మెరుపు, కాస్త విరామం, రెండు మెరుపులు వస్తే 12. దాచుకున్న కోడ్లు మూడేసి సార్లు మెరిసేవి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి కార్లకు, చిన్న ట్రక్కులకు అందరికీ ఒకటే సాకెట్, ఒకటే కోడ్ల భాష తప్పనిసరి అయ్యాయి. మన దగ్గర బండి తన లోపాన్ని తానే పట్టుకునే ఏర్పాటును కోరే పొగ నిబంధన బీఎస్-4 హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకు 2010లో, దేశమంతటికీ 2017 ఏప్రిల్ 1న వచ్చింది. అందుకే మన పల్లెల్లో తిరిగే పాత బండ్లలో కొన్ని మామూలు స్కానర్‌కు జవాబిస్తాయి, కొన్ని కంపెనీ యంత్రానికి తప్ప పలకవు. పూర్తిగా మెకానికల్ పంపుతో నడిచేవి అసలే పలకవు, వాటిని చెవితోనే వినాలి.

నిన్నటి ఆదివారం మా వాడకట్టు తమ్ముడొకడు తన పికప్ బానెట్ ఎత్తి, పది నంబర్ స్పానర్ టెర్మినల్ మీద పెట్టాడు. దీపం వెలుగుతోందట. "ఆగు తమ్మీ, ఇప్పకు" అని పరుగెత్తాను. నా బ్లూటూత్ స్కానర్ పెడితే ఏకంగా ఆరు కోడ్లు. అందులో ఒకటి పీ-0562, కరెంటు వోల్టేజీ తక్కువని. ఒకేసారి ఆరు సెన్సర్లు చెడిపోవడం అరుదు. కరెంటు సరిగా అందకపోతే మంచి సెన్సర్ కూడా తప్పు చెబుతుంది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాం. అన్నీ రాసుకున్నాకే చెరిపాం. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీ నట్టు వదులుగా ఉంది, దాని కింద తుప్పు. గీకి బిగించాం. సాయంత్రం దాకా బండి తిప్పితే ఐదు కోడ్లు మళ్లీ రాలేదు. ఆరోది వచ్చింది. కాగితం మీద దాని చుట్టూ సున్నా చుట్టి పెట్టాం, వచ్చే ఆదివారం చూడాలి.