ముసుగు ఎవరి ముందు?

చిన్నప్పుడు ఒకే వీధిలో ఆడుకున్న అబ్బాయీ అమ్మాయీ పెద్దవాళ్ల గొడవల్లో విడిపోతారు. ఏళ్ల తర్వాత దొంగ పేర్లతో ఎదురుపడి ప్రేమలో పడతారు. సినిమాలకి కథలు రాయడం నా వృత్తి కాబట్టి, ఈ కథ ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. తెచ్చినవాళ్లని నేను మొదట అడిగేది ఒకటే: ఈ ముసుగు ఎవరి ముందు?

"హీరోయిన్ ముందు సార్" అంటారు చాలామంది. అతనికి తెలుసు, ఆమెకి తెలియదు. క్లైమాక్స్‌లో తెలుస్తుంది, ఏడుస్తుంది, క్షమిస్తుంది. అక్కడే నాకు ఆ కథ మీద మనసు విరిగిపోతుంది. కలిసి పెరిగినవాళ్ల మధ్య అలాంటి అబద్ధం ఎంతసేపు నిలుస్తుంది? పేరు మార్చుకోవచ్చు, గడ్డం పెంచుకోవచ్చు. నవ్వొచ్చినప్పుడు చేత్తో నోరు మూసుకునే అలవాటు, కోపమొస్తే అన్నం ముందునుంచి లేచిపోయే అలవాటు ఎక్కడికి పోతాయి? గుర్తుపట్టడం ఎప్పుడో జరిగిపోవాలి. ఒప్పుకోవడమే ఆలస్యం కావాలి. నవ్వంతా ఆ మధ్యలోనే ఉంటుంది.

ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను 'మాయాబజార్' ఎత్తుతాను. 1957లో విజయా వారు తీసిన సినిమా. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. పౌరాణికాల వరసలో పెట్టేస్తాం గానీ, నా మటుకు అది తెలుగులో వచ్చిన అన్ని ప్రేమకథల కన్నా హాయిగా నవ్వించిన ప్రేమకథ. అందులో బలరాముడి కూతురు శశిరేఖకీ, మేనత్త సుభద్ర కొడుకు అభిమన్యుడికీ జరిగే పెళ్లి వ్యాస భారతంలో లేదు. జనం అల్లుకున్న కథ, నాటకాలవాళ్లు ఊరూరా ఆడిన కథ. అందుకే అందులో ఉన్నది అచ్చంగా మన ఇళ్లలో జరిగే గొడవ. చిన్నప్పుడే పిల్లనిస్తామని ఆడపడుచు సుభద్రకి మాటిచ్చారు. ఆమె మెట్టినింటివాళ్లు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే పుట్టింటివాళ్ల మాట మారిపోయింది. ఆ పోగొట్టుకున్న పాండవులు సినిమాలో ఎక్కడా కనిపించరు. వాళ్ల ఓటమి మాత్రం సుభద్ర మొహంలో, శశిరేఖ తల్లి రేవతి మాట తీరులో కనిపిస్తూనే ఉంటుంది. ఎడబాటుకి ఇంత గట్టి కారణం ఉంటే, పైన ఎంత మాయ కట్టినా కథ కూలదు.

ఇక మాయ సంగతి. రాక్షసుడైన ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖని మంచంతో సహా ఎత్తుకెళ్లి అభిమన్యుడి దగ్గరికి చేరుస్తాడు. ఆమె వేషంలో తను ద్వారకలో కూర్చుంటాడు. ఇక్కడ ప్రేమికులు ఒకరినొకరు మోసం చేసుకోవడం లేదు. మోసపోయేది మాట తప్పినవాళ్లు. అంతకుముందే ఇంట్లోవాళ్లు ప్రియదర్శిని అనే పేటిక తెరిచారు. అందులో ఎవరికి ఇష్టమైనది వాళ్లకి కనిపించేది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు, రేవతికి నగలూ మణులూ కనిపించాయి. తర్వాత ఇంట్లో కూతురి బదులు రాక్షసుడు తిరుగుతుంటే ఆ తల్లి పోల్చుకోలేకపోయింది! రచన అంటే నాకు ఇదే. పెట్టె చూపించిన చోటే మారువేషానికి పునాది పడింది.

శశిరేఖగా సావిత్రి గారి నటన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పెళ్లికూతురిగా సిగ్గుపడుతూనే మధ్యలో ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి. రంగారావు గారి ఠీవి, ఆ భుజాల విసురు ఒక్క క్షణం తెచ్చి దాచేస్తుంది. పెళ్లి పాటలో సుశీల గారి గొంతు మధ్యలోంచి ఘంటసాల గారి గొంతు పైకి వస్తుంది. లోపల ఉన్నది ఎవరో మనకి తెలుసు, పక్కనున్న చెలికత్తెలకి తెలియదు. ప్రేక్షకుణ్ణి కూడా చీకట్లో పెట్టి ఉంటే ఆ పాటలో ఒక్క నవ్వు కూడా పుట్టేది కాదు.

రెండేళ్ల ముందు, 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లోనూ ముసుగు ఊరి ముందే. ఉద్యోగాల కోసం హీరో హీరోయిన్లిద్దరూ కలిసి భార్యాభర్తల వేషం కట్టారు. వాళ్లిద్దరి మధ్యా అబద్ధం లేదు, తగాదా ఉంది. 'గుండమ్మ కథ' (1962) నాకు ఎంతో ఇష్టమైనా, గుండమ్మ కూతురు సరోజ గర్వం అణచడానికి ఆమెను ప్రేమించిన రాజా ఆడే నాటకం మాత్రం చూసిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. ప్రేమించిన మనిషికి పాఠం చెప్పడానికి వేషం కట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఇలాంటి కథ రాస్తున్నవాళ్లకి నాదో మనవి. దొంగ పేర్లు వెతికే ముందు, ఆ ఇద్దరూ విడిపోయిన రోజు రాయండి. ఎవరు ఏ మాటన్నారో, ఎవరి గుమ్మంలో నిలబడి అన్నారో, పిల్లలు ఎక్కడ నిలబడి విన్నారో రాయండి. తెర మీదికి రాకపోయినా సరే, ఆ సన్నివేశం పూర్తిగా రాసుకున్నాకే మారువేషం మొదలుపెట్టండి.