మందు అన్న మాటకు మర్యాద

ఈ వారం మా మనవరాలు అడిగిన ఒక్క ప్రశ్న మూడు రోజులు నన్ను వదల్లేదు.

ఏదో ప్రవేశ పరీక్షకని ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తోంది. ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాని నా పాత మాటే చెప్పాను: వంద మాటలు బట్టీ పట్టకమ్మా, పది చివర్లు పట్టుకో. ఆ పూట మేం పట్టుకున్న చివర 'సైడ్'. హోమిసైడ్ అంటే మనిషిని చంపడం. రెజిసైడ్ రాజుని. ఫ్రాట్రిసైడ్ తోడబుట్టినవాణ్ణి. జెనోసైడ్ జాతిని జాతిగా తుడిచిపెట్టడం. వీటిలో వయసులో చిన్నది ఈ చివరిదే. నాజీలు చేస్తున్న ఘోరానికి సరిపోయే పేరు లేక, పోలండు నుంచి తప్పించుకుని వచ్చిన న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ గ్రీకు ముక్కకి లాటిన్ ముక్క అతికి దాన్ని తయారుచేశాడు. 1944లో అచ్చయిన ఆయన పుస్తకంతో అది లోకానికి తెలిసింది.

వీటన్నిటి వెనకా ఉన్నది 'కైడెరే' అనే లాటిన్ క్రియ. కోయడం, నరకడం, చంపడం అని అర్థం. డిసైడ్ కూడా దాని బిడ్డే. మనం తెగేసి చెప్పడం అంటామే, ఆ వరసే. మా పిల్ల పుస్తకంలో మాత్రం కోయిన్‌సైడ్‌ని కూడా ఈ జాబితాలోనే కలిపేశారు. చూసి ఒళ్ళు మండింది. దాని మూలం 'కడెరే', అంటే పడడం. రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడితే కోయిన్‌సైడ్. చివర ఒకేలా ఉందని చుట్టరికం కలిపేస్తే పిల్లలకి తప్పు నేర్పినట్టే.

అలా పెస్టిసైడ్ దాకా వచ్చాం. ఇన్సెక్టిసైడ్ పురుగులకి, హెర్బిసైడ్ కలుపుకి, ఫంగిసైడ్ బూజు తెగుళ్ళకి. పిల్ల పుస్తకం మూసి అడిగింది: "చంపేదాన్ని మనం మందు అంటామేంటి తాతయ్యా?"

నాకు వెంటనే మా ఇంటి గూడు గుర్తొచ్చింది.

అరవైల చివర. మాది గుంటూరు జిల్లాలో మిరప వేసే ఊరు. నడవలో గోడకి ఒక గూడు ఉండేది. నాయనమ్మ దగ్గు మందు, అమ్మ తలనొప్పి మాత్రలు, నాన్న తోటలో కొట్టగా మిగిలిన ఎండ్రిన్, అన్నీ ఆ గూట్లోనే. ఎండ్రిన్‌ని తర్వాత మన దేశంలో నిషేధించారు. అప్పుడు మాత్రం అది ఇంట్లో మనిషిలా ఉండేది. డబ్బా అడుగున మిగిలిన దాన్ని నాన్న ఖాళీ సీసాలో పోసి, గుడ్డపీలిక బిరడాగా పెట్టేవాడు. ఎందుకు వేరే చోట పెట్టలేదని ఇప్పుడు అడగొచ్చు. మా ఇంట్లో రెంటికీ పేరు ఒక్కటే, అందుకే చోటూ ఒక్కటే.

ఒక రాత్రి నాయనమ్మకి దగ్గు తెర ఆగడం లేదు. "మందు తీసుకురారా" అంది. దీపం వెలుతురు గూటి దాకా రాలేదు. ఎనిమిదేళ్ళవాణ్ణి, చేతికందిన సీసా తెచ్చాను. ఆవిడకి చదువు రాదు, చూపూ ఆనదు. బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగి, సీసా దూరంగా నేలమీద పెట్టి, నన్ను దగ్గరికి లాక్కుంది. తిట్టలేదు. ఆవిడ చెయ్యి వణకడం నాకింకా తెలుస్తూనే ఉంది. మర్నాడు నాన్న ఆ సీసాని పశువుల కొట్టం చూరులోకి మార్చాడు. పేరు మాత్రం మారలేదు.

అందుకే పిల్ల ప్రశ్న విన్నప్పుడు ఈ వారం రాయాల్సింది తేలిపోయిందనుకున్నాను. ఇంగ్లీషు తన విషానికి చంపేదన్న చివర తగిలించి నిజం చెప్పింది, మన తెలుగు దాన్ని దాచింది, ఇక మీదట పురుగువిషం అందాం అని. అమెరికా రచయిత్రి రేచల్ కార్సన్ 1962లోనే వీటిని ఇన్సెక్టిసైడ్లు కాదు, బయోసైడ్లు అనాలని రాసింది. ప్రాణమున్న దేన్నైనా చంపేవని ఆమె భావం. నా వాదనకి అదీ బలమే అనిపించింది.

రాయడానికి కూర్చున్నాక మన చివర ఒకటి అడ్డం వచ్చింది. 'ఘ్న'. సంస్కృతంలో చంపేది అని అర్థం. శత్రువుని చంపేవాడు శత్రుఘ్నుడు. చేసిన మేలుని చంపేవాడు కృతఘ్నుడు. అచ్చంగా సైడ్‌కి సాటి. ఈ చివర ఎక్కువగా కనిపించేది ఎక్కడో తెలుసా? వైద్యంలో. చరకుడి మందుల పట్టికలోనే కృమిఘ్నం, విషఘ్నం, కుష్ఠఘ్నం ఉన్నాయి. మందంటేనే దేన్నో ఒకదాన్ని చంపేది. మన పెద్దలకి ఆ సంగతి తెలుసు. తెలుసు గనకే మోతాదు పెట్టారు, అనుపానం చెప్పారు, పథ్యం విధించారు.

కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. తప్పు మందు అనడంలో లేదు. మందు అని పిలుస్తూ మందుకిచ్చే మర్యాద ఇవ్వకపోవడంలో ఉంది. జ్వరం లేకుండా జ్వరం మాత్ర మింగం. చేలో పురుగు ఉందో లేదో చూడకుండా, దుకాణంలో ఏది చేతికిస్తే అది, పక్కవాడు కొట్టాడని మనమూ కొట్టేస్తాం. ఏ పురుగుకి, ఎకరానికి ఎంత, కొట్టాక ఎన్నాళ్ళకి కోయాలి అని అడగం.

ఈసారి డబ్బా కొన్నప్పుడు దానిమీది డైమండు గుర్తు చూడండి. కింది త్రికోణంలో రంగు ఉంటుంది. ఎరుపుది అన్నిటికన్నా ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువ అని, లేదని కాదు. ఇంటికి తెచ్చాక దాన్ని పిల్లలకి అందని చోట, వేరే తాళంలో పెట్టండి. ఖాళీ సీసాల్లో పోయకండి. దగ్గు మందు ఉన్న గూట్లో మాత్రం ఎన్నటికీ పెట్టకండి.