గంజాం సభలూ, గంజాం సంతలూ

పూర్వపు గంజాం జిల్లా రాజకీయ చరిత్రను గురించి మన భాషలో వచ్చిన వ్యాసాలను వరుసగా చదివితే ఒక లోపం స్పష్టంగా కనబడుతుంది. వాటికి ఆధారాలు చాలావరకు సభల తీర్మానాలు, విజ్ఞాపన పత్రాలు, విచారణ సంఘాల ముందు ఇచ్చిన సాక్ష్యాలు. 1903లో బరంపురంలో గంజాం జాతీయ సమితి, అదే ఏడాది కటకంలో మధుసూదన దాసు నాయకత్వాన ఉత్కళ సమ్మిళని, 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ, 1924లో ఫిలిప్–డఫ్ విచారణ, 1931–32లో ఓడొన్నెల్ సంఘం, చివరకు 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక ఒరిస్సా రాష్ట్రం. కథ ఈ మెట్ల మీదుగానే నడుస్తుంది. ఒడియాలో రాసినవారూ ఇవే మెట్లెక్కారు. వారికది విజయగాథ, మనకు నష్టగాథ, తేడా అంతే. ఇరువురూ సభ మాటనే జిల్లా మాటగా స్వీకరించారు. మా అభ్యంతరం అక్కడే.

ఆ సభల్లో కూర్చున్నవారెవరు? వకీళ్ళు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వెనుక జమీందారులు. వీరిలో చదువుకున్న వర్గానికి భాష అంటే ఉద్యోగం. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో, జిల్లా కోర్టు బరంపురంలో ఉండేవి. ఆ రెండు చోట్లా కలం పట్టినవారిలో తెలుగువారి సంఖ్య పెద్దది. తన దావా తనకు రాని భాషలో నడుస్తుంటే ఒడియా రైతు పడ్డ ఇబ్బంది కల్పితం కాదు. మన వ్యాసకర్తలు దీనిని ఒక్క వాక్యంలో దాటవేసి, తెలుగువారి సంఖ్యాబలం లెక్కలకు పేజీలు కేటాయిస్తారు. ఇది న్యాయం కాదని మొహమాటం లేకుండా చెప్పవలసి ఉంది.

ఇక సంతకు వద్దాం. ఈ జిల్లా వ్యవసాయపు జిల్లా. 1866 కరవు దీనిని కుదిపివేసింది. ఆ తరువాతి దశాబ్దాలలో ఋషికుల్యా కాలువలు వచ్చాయి. వరితో పాటు ఆస్కాలో చెరకు, పంచదార కర్మాగారం, హుమ్మాలో ఉప్పుకొఠారులు, బరంపురంలో పట్టునేత, గోపాలపురం రేవు నుంచి రంగూనుకు వెళ్ళే ఓడలు, వాటినిండా కూలీలు. ఈ వ్యవహారాలలో ఏదీ ఒకే భాషతో సాగేది కాదు. తెలుగు పల్లెలో ధాన్యం పుట్టి, కుంచాలలో కొలిస్తే, ఒడియా పల్లెలో భరణం, నౌతి లెక్క. రెండు లెక్కలూ రాని ధాన్యపు వర్తకుడు వారం తిరక్కుండా కొట్టు మూసుకోవాలి. చిట్టా తెలుగులో రాసుకున్నవాడు కూడా కళ్ళం దగ్గర ఒడియాలోనే బేరమాడాలి. బరంపురం పట్టుకు పేరు తెచ్చిన దేరా నేతవారు తెలుగుదేశం నుంచి వచ్చిన నేతకుటుంబాల సంతతి. వారి కులపెద్ద బిరుదు మాత్రం ‘దేశీ బెహెరా’, అచ్చమైన ఒడియా మాట. ఊరంతా కలిసి జరుపుకొనే బూఢీ ఠాకురాణి జాతర పెద్దరికం ఆయనది. భాషాశాస్త్రం చదివిన మాకు ఈ ఒక్క బిరుదు ఎన్నో తీర్మానాల కంటె విలువైన సాక్ష్యం.

అలాగని సంతను స్వర్గం చేసి చూపడం మా ఉద్దేశం కాదు. సంత రెండు భాషలు మాట్లాడింది ప్రేమతో కాదు, అవసరంతో. అప్పుపత్రం ఏ భాషలో ఉన్నా చదువురాని రైతు వేలిముద్రే వేశాడు. రెండు భాషలు వచ్చినవాడి చేతిలో ఒక్క భాషే వచ్చినవాడు మోసపోయే అవకాశమూ ఎక్కువే. ఈమధ్య కొందరు మిత్రులు ‘మిశ్రమ సంస్కృతి’ అన్న మాటతో ఈ సంగతిని కప్పివేస్తున్నారు. అది కూడా సభవారి పద్ధతిలాంటిదే.

అసలు ప్రశ్న శిస్తుది. జిల్లాలో పెద్దభాగం జమీందారీ భూమి. తెలుగు రైతుకూ ఒడియా రైతుకూ వర్తించిన చట్టం ఒకటే: 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం. భాషా సభలకు అండగా నిలిచిన ఖళ్లికోట, పర్లాకిమిడి ప్రభువులు శిస్తు వసూలుచేసే పక్షంవారు గనుక, ఆ వేదికల మీద శిస్తు ప్రశ్నకు దొరికిన చోటు తక్కువ. 1936లో గీత గీసినా చట్టం మారలేదు. దానిని సవరించే శాసనసభలు మాత్రం రెండయ్యాయి. ఫలితం చూడండి. 1937లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురంలో మొదలై మద్రాసుకు నడిచింది. ఇచ్ఛాపురంలోనే ఎందుకు? కొత్త సరిహద్దు అక్కడికి వచ్చి ఆగింది గనుక. గిరిసోల అవతలి రైతుకు మద్రాసుతో పని లేకుండా పోయింది. మద్రాసులో ప్రకాశం పంతులు అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. కటకంలో, గంజాం వారే అయిన విశ్వనాథ దాసు మంత్రివర్గం అదే చట్టానికి సవరణ తెచ్చి, జమీందారీ శిస్తులను పక్కనున్న రైత్వారీ శిస్తుల స్థాయికి దగ్గరగా దించబూనింది. జమీందారులు గట్టిగా ఎదిరించారు. శాసనసభ ఆమోదించినా గవర్నర్ జనరల్ సమ్మతి దొరకలేదు. ఒకే చట్టం మీద, ఇంచుమించు ఒకే సమయంలో, గీతకు ఇటూ అటూ జరిగిన ఈ రెండు పోరాటాలను పక్కపక్కన పెట్టి రాసిన తెలుగు వ్యాసం మా కంటబడలేదు. మనవారి కథ ఇచ్ఛాపురం నుంచి దక్షిణానికి తిరుగుతుంది, వారి కథ ఉత్తరానికి.

గిడుగు రామమూర్తి పంతులు ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగదు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళారన్నది అందరూ చెప్పే విషయమే. అందులోని బాధను మేము తక్కువ చేయము. కాని ఆయనను ఆ ఒక్క ఘట్టంలో బంధించడం అన్యాయం. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన పండితుడాయన. తెలుగా, ఒడియానా అని రెండు పక్షాలూ వాదులాడుకుంటున్న కాలంలో, సవర పిల్లవాడికి సవరలోనే పాఠం చెప్పాలన్నవారు ఆయన. పర్లాకిమిడి కొండలమీది సవరలను ఏ సభా అడగలేదు. వారిని లెక్కలో కలుపుకోవడానికి మాత్రం రెండు పక్షాలూ వెనుదీయలేదు.

ఆ లెక్క జనగణనది. మాతృభాష గడిలో ఒక్క పేరే రాయాలి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడే నేతగాడు ఏది చెప్పాడో, గణకుడు ఏది రాసుకున్నాడో ఆ అంకెను చూసి తెలియదు. అయినా ఇరుపక్షాల విజ్ఞాపనలూ ఆ అంకెల మీదే నిలిచాయి. నేడు బరంపురంలో, ఛత్రపురంలో తెలుగు చదువుతున్న మన విద్యార్థులను ‘మీరు ఇక్కడివారా, అక్కడివారా’ అని అడిగేవారి చేతిలో ఉన్నదీ ఆ గడే. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే ముందు వారు చూడదగిన ఆధారాలు ఇళ్ళలోనే ఉన్నాయి. తాతల నాటి చిట్టా, ఆవర్జా పుస్తకాలు, అప్పుపత్రాలు, రంగూను నుంచి వచ్చిన ఉత్తరాలు చెదలు తినకముందే అటక మీదనుంచి దించాలి. బాకీదారు పేరు ఏ లిపిలో ఉంది, కొలత ఏ భాష మాట, సాక్షి సంతకం ఏ భాషలో చేశాడు అన్న మూడు సంగతులూ ప్రతి పుటకూ విడివిడిగా రాసిపెట్టుకోవాలి.