నారవస్త్రమూ, నల్లరేగడి బాటలూ

2020వ సంవత్సరం జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశలో వేసే బాటల పొడవులో 5 శాతం కొబ్బరి పీచు వస్త్రంతో నిర్మించాలని దాని సారాంశం. ఆంధ్రప్రదేశ్‌కు 164 కిలోమీటర్లు, తెలంగాణకు 121 కిలోమీటర్లు వచ్చాయి. కొబ్బరి పీచుకు గిరాకీ కల్పించే ఈ ఉద్దేశం మెచ్చుకోదగినదే. కాని ఆ ప్రకటనలో రాష్ట్రాల వారీగా కిలోమీటర్లు ఉన్నాయి గాని, నేలల ప్రసక్తి లేదు. కర్నూలు, కడప ప్రాంతాలకు ఇది చిన్న లోపం కాదు.

మట్టికి నార తోడు చేయడం కొత్త విషయం కాదు. నేటి ఇరాక్‌లోని అకర్ ఖుఫ్ వద్ద, సుమారు 3,400 ఏళ్ళ నాటి ఇటుక కట్టడంలో వరుసల మధ్య రెల్లు చాపలు నేటికీ కనిపిస్తాయి. మన పల్లెల్లో గోడమట్టిలో గడ్డి తొక్కించడం కూడా ఈ కోవకు చెందినదే. భారతీయ ప్రమాణాల సంస్థ 2008లో కొబ్బరి పీచు వలకు ప్రమాణం నిర్ణయించినపుడు దానికి 'భూవస్త్ర' అని చక్కని పేరు పెట్టింది.

ఇట్టి వస్త్రం బాట కింద మూడు పనులు చేస్తుంది. పైనున్న కంకర కింది బురదలోకి దిగిపోకుండా అడ్డు నిలుస్తుంది. మట్టిని ఆపి నీటిని మాత్రం వదులుతుంది. ఆ నీరు పక్కకు పోవడానికి దారి ఇస్తుంది. దీని లోపం ఒక్కటే: కుళ్ళిపోవడం. నారలోని సెల్యులోజును సూక్ష్మజీవులు తింటాయి. లిగ్నిన్ అనే పదార్థం ఆ దాడిని అడ్డుకుంటుంది. జనపనారలో లిగ్నిన్ సుమారు 12 శాతం, కొబ్బరి పీచులో 40 శాతానికి పైగా ఉంటుంది. అందువల్లనే తడినేలలో జనపనార ఒకటి రెండేళ్ళలో జీర్ణిస్తే, కొబ్బరి పీచు అంతకంటె ఎక్కువ కాలం నిలుస్తుంది.

“కుళ్ళితే కుళ్ళనీయండి, అప్పటికి దాని పని పూర్తవుతుంది” అని నారవస్త్ర పక్షపాతులు సమాధానం చెబుతారు. ఈ సమాధానం ఒకచోట నిజమే. కాకినాడ రేవు ప్రాంతంలో 1996లో మెత్తని బంకనేల మీద బాట వేసినపుడు జనపనార వస్త్రం పరచారు. నెలలు గడిచిన కొద్దీ నేలలో తేమ తగ్గి, బలం పెరిగినట్లు పరీక్షలలో తేలింది. అక్కడి నేల ఎప్పుడూ నీటితో నిండి ఉండే సముద్రతీరపు బంకమట్టి. పైబరువుకు నీరు పిండినట్లు బయటికి పోయి, నేల ఒకసారి గట్టిపడితే మళ్ళీ మునుపటి స్థితికి రాదు. తరువాత వస్త్రం లేకున్నా నష్టం లేదు.

కర్నూలు–కడప కాలువ కింద సాగయ్యే కుందేటి లోయకు వస్తే సంగతి వేరు. నంద్యాల నుండి ప్రొద్దుటూరు వైపు పరచుకొన్న నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉన్నది. దాని పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోయి, వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. ఇంజనీర్లు నేల బలాన్ని సి.బి.ఆర్. అనే కొలతతో చెబుతారు. నలగగొట్టిన మంచి కంకరతో పోల్చినపుడు ఎంత శాతం అన్నదే దాని అర్థం. నానిన నల్లరేగడికి అది తరచు 2 శాతం దగ్గరే ఉంటుంది. ఈ ఉబ్బడం, కుంగడం ఏటేటా జరిగేవే. మూడేళ్ళకు వస్త్రం జీర్ణించేసరికి, అడుగున నేల మొదటి రోజున ఉన్నట్లే ఉంటుంది! కాకినాడలో చెల్లిన సమాధానం నంద్యాలలో చెల్లదు.

అంటే ఇక్కడ నారవస్త్రం వ్యర్థమని కాదు. తొలి వానలలో కంకర దిగబడకుండా అది కాపాడగలదు. అయితే దానిని రేగడి జబ్బుకు మందుగా చెప్పడం సరికాదు. అసలు మందు మట్టి గుణాన్ని మార్చడం, లేదా బాట కిందికి నీరు చేరనీయకపోవడం. సున్నం కలిపితే రేగడి జిగురు, ఉబ్బు తగ్గుతాయి. ఈ సీమలో నార్జి సున్నపురాయికి కొదువ లేదు. సున్నంతో బాగుచేసిన పొర, పక్కకాలువలు, ఆపైన నారవస్త్రం అన్న క్రమం ఆలోచించదగినది.

ఎర్రమట్టి గట్ల మీద, కనుమ బాటల కోతల మీద నారవస్త్రానికి మరింత న్యాయమైన స్థానం ఉన్నది. ఇక్కడ ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానే అయినా, అందులో ఎక్కువ భాగం కొద్ది రోజులలోనే కుండపోతగా కురుస్తుంది. చినుకు దెబ్బను వల తగ్గిస్తుంది, పారే నీటి వేగాన్ని ఆపుతుంది, గింజను నిలుపుతుంది. తరువాత గడ్డి వేళ్ళే గట్టును పట్టుకోవాలి. కేరళలో ఒక వానకాలం చాలవచ్చు. ఇక్కడ ఒక ఏడు వాన తప్పితే గడ్డి మొలవదు. రెండవ ఏటి దాకా వల నిలిచి ఉండాలి. కాబట్టి ఈ ప్రాంతానికి జనపనార కంటె కొబ్బరి పీచే తగినది. ఎర్రనేలల్లో చెదలు ఎంత త్వరగా పడతాయో గుడిసె కప్పినవారందరికీ తెలుసు. మన్నిక లెక్కలో వాటినీ చేర్చాలి. పొలంగట్లపై పెరిగే కిత్తనార కూడా పరీక్షకు యోగ్యమే.

ఈ పరీక్ష పాఠశాలల్లోనూ చేయవచ్చు. సమానమైన గోనెపట్టా పేలికలు, కొబ్బరితాడు ముక్కలు ఎర్రమట్టిలో కొన్ని, నల్లమట్టిలో కొన్ని పాతిపెట్టాలి. రెండు నెలలకొకసారి కొన్ని తీసి, తెగేవరకు బరువులు వేలాడదీసి, ఫలితాలను గ్రాఫుగా గీయించాలి. తమ ఊరి మట్టిలో నార ఎంతకాలం నిలుస్తుందో విద్యార్థులే చెప్పగలుగుతారు.

కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు కట్టించిన విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం, మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. గట్టి బంకనేల ఉండటం ఆ అంగాలలో ఒకటి. చవిటినేల దోషాలలో ఒకటి. పని మొదలుపెట్టే ముందు నేలను చూడాలన్న ఈ నియమం బాటలకూ వర్తిస్తుంది. శాతాలను పంచే పట్టికలో నేల రకానికి కూడా ఒక గడి చేర్చడం కష్టమేమీ కాదు. అది చేర్చకుండా వేసిన బాట రెండు వానలకే చెడితే, జనం నేలను తప్పుపట్టరు, ‘పీచుబాట’ను తప్పుపడతారు, ఉపయోగపడే చోట కూడా దానికి తలుపు మూసుకుపోతుంది.